స్టార్ వార్స్ వీరాభిమానుల మీద డాక్యుమెంటరీలు: ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి

మీరు అడిగినవి ముఖ్యంగా రెండు ప్రశ్నలు. స్టార్ వార్స్ అనే హాలీవుడ్ అంతరిక్ష సినిమాల వరుసకున్న వీరాభిమానుల మీద వచ్చిన డాక్యుమెంటరీలలో చూడదగ్గవి ఏవన్నది ఒకటి. రెండు మూడు చూశాక అన్నీ ఒకేలా ఎందుకు అనిపించాయన్నది మరొకటి. ప్లాస్టిక్ శిరస్త్రాణాలు, బొమ్మలు నింపిన గదులు, థియేటర్ ముందు క్యూలు తప్ప వాటిలో ఏమీ కనిపించలేదన్నారు. డాక్యుమెంటరీల ఎడిటింగ్ నా వృత్తి కాబట్టి రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను. అది తేలితే మొదటిదానికి జవాబు సులువవుతుంది.

అభిమానుల ఫుటేజి ఎడిటర్ చేతికి వచ్చినప్పుడు అందులో అన్నిటికంటే తేలిగ్గా అతికేది వేషం వేసుకున్న మనిషి షాట్. రెండు సెకన్లు చాలు, వివరణ అక్కర్లేదు, ప్రేక్షకుడు నవ్వుతాడు. మన దగ్గర పాలాభిషేకం షాట్ చేసే పని అదే. కటౌట్ మీద పాలు పోసే దృశ్యం లేకుండా అభిమాన సంఘాల మీద టీవీ కథనం రావడం అరుదు. ఆ సంఘం లెక్కలు రాసే కుర్రాడి దగ్గర, బెనిఫిట్ షో టికెట్ల కోసం థియేటర్ యజమానితో బేరమాడే మనిషి దగ్గర కెమెరా నిలబడదు. నిలబడాలంటే ఓపిక కావాలి, రోజులు కావాలి, డబ్బు కావాలి.

అందుకే ఇలాంటి సినిమాలను నేను ఒకే గీటురాయి మీద చూస్తాను. ‘ఈ అభిమాని ఎలాంటివాడు’ అని అడిగే సినిమా అరగంటకే తేలిపోతుంది. అతను ఏం చేయబోయాడు, దానికి ఎవరు అడ్డుపడ్డారు అని అడిగే సినిమా చివరిదాకా కూర్చోబెడుతుంది.

ఈ తరహా చిత్రాలకు అచ్చు పోసిన ‘ట్రెకీస్’ (1997) స్టార్ వార్స్ గురించి కాదు, స్టార్ ట్రెక్ గురించి. అయినా దాన్ని దాటవేయలేము. దర్శకుడు రోజర్ నైగార్డ్. స్టార్ ట్రెక్ ధారావాహికలో నటించిన డెనీస్ క్రాస్బీ ఊరూరా తిరిగి అభిమానులతో మాట్లాడుతుంది. తన దంతవైద్యశాలను అంతరిక్ష నౌకలా మార్చేసి, సిబ్బందికి యూనిఫాం తొడిగించిన ఫ్లోరిడా వైద్యుడు ఇందులో ఉన్నాడు. 1996లో ఆర్కన్సాలో వైట్‌వాటర్ అనే ఆర్థిక అక్రమాల కేసు విచారణకు జ్యూరీ సభ్యురాలిగా స్టార్ ట్రెక్ యూనిఫాంలోనే హాజరైన మహిళ ఉంది. నైగార్డ్ ఎవరినీ ఎగతాళి చేయడు. ప్రశ్న అడిగి ఊరుకుంటాడు. నవ్వే బాధ్యత మనకు వదిలేస్తాడు, దాని వల్ల కొన్నిచోట్ల ఇబ్బందిగానూ ఉంటుంది. అయితే ఇంజినీర్ స్కాటీ పాత్రధారి జేమ్స్ డూహన్ చెప్పే ఉదంతం ఒక్కటి చాలు, ఆ సినిమా నిలబడటానికి. ఆత్మహత్య చేసుకోబోతున్నట్టు ఒక అభిమాని ఉత్తరం రాస్తే, ఆయన ఫోన్ చేసి ఫలానా ఊరి సభకు రమ్మన్నారు, తరువాత ఇంకో సభకు రమ్మన్నారు, అలా పిలుస్తూనే పోయారు. కొన్నేళ్లకు ఆమె ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకుని ఆయనకు కబురు చేసింది.

దానిలోనే పద్నాలుగేళ్ల కుర్రాడు ఒకడు కనిపిస్తాడు. అభిమానులతో కలిసి తీయదలచిన సినిమా గురించి, అందులో వాడబోయే కంప్యూటర్ గ్రాఫిక్స్ గురించి ఊపిరి తీసుకోకుండా చెబుతాడు. హాలంతా నవ్వేది అతన్ని చూసే. 2004లో వచ్చిన ‘ట్రెకీస్ 2’ నాటికి అతను విజువల్ ఎఫెక్ట్స్ కళాకారుడిగా పని చేస్తున్నాడు. రెండూ వరుసగా చూస్తే మొదటిసారి మనం నవ్వింది దేన్ని చూసో ఆలోచించవలసి వస్తుంది. రెండో భాగంలో మిగిలినదంతా దేశదేశాల అభిమానుల పర్యటన. ఓపిక లేకపోతే ఆ కుర్రాడి భాగం వరకు చూసి ఆపేయవచ్చు.

ఇక స్టార్ వార్స్. 1999 మే 19న ‘ద ఫాంటమ్ మెనేస్’ విడుదలైంది. పదహారేళ్ల తరువాత వస్తున్న స్టార్ వార్స్ సినిమా అది. లాస్ ఏంజిలిస్‌లో చైనీస్ థియేటర్ ముందు అభిమానులు ఆరు వారాల ముందే క్యూ కట్టారు. దాన్ని చిత్రీకరించినదే డెనిస్ ప్రిజ్‌వారా తీసిన ‘స్టార్‌వాయిడ్స్’ (2001). కాలిబాట మీద గుడారాలు, వంతులవారీగా కాపలా, వేరే థియేటర్ దగ్గర కూర్చున్న ఇంకో గుంపుతో పోటీ, ఇదీ కథ. చిన్న కెమెరాతో, చిన్న ఖర్చుతో తీసిన సినిమా. హంగులేమీ లేవు. కానీ క్యూకు కూడా ఒక రాజ్యాంగం ఉంటుందని, ఎవరు ఎన్ని గంటలు కూర్చున్నారో లెక్క రాసే మనిషి అక్కడ అందరికంటే బలవంతుడని ఇందులో తెలుస్తుంది. నాకు నచ్చింది అదే. 2005లో మూడో భాగం వచ్చినప్పుడు అభిమానులు మళ్లీ అదే థియేటర్ ముందు క్యూ కట్టారు. ఈసారి సినిమా విడుదలవుతున్నది ఆ థియేటర్‌లో కాదు. ఆ సంగతి తెలిశాక కూడా చాలామంది అక్కడి నుంచి లేవలేదు. వారికి క్యూయే ఉత్సవం, సినిమా దానికి ముహూర్తం మాత్రమే.

అదే 2001లో వచ్చిన ‘ఎ గెలాక్సీ ఫార్, ఫార్ అవే’, 2010 నాటి ‘జెడై జంకీస్’ మీరు చెప్పిన ఫిర్యాదుకు సరిగ్గా సరిపోతాయి. మొదటిది క్యూలోని మనుషులను ‘ఎందుకింత పిచ్చి’ అని అడుగుతుంది. రెండోది కాంతిఖడ్గాలు తయారు చేసేవారిని, బొమ్మలు పోగేసేవారిని ఒకరి తరువాత ఒకరిని పరిచయం చేస్తుంది. ఎవరి దగ్గరా కాసేపు కూర్చోదు. వదిలేసినా నష్టం లేదు.

ఆ రోజుల్లో ఇలాంటి పొట్టి డాక్యుమెంటరీలు ఎక్కువగా పుట్టుకురావడానికి ఒక కారణం ఉంది. స్టార్ వార్స్ సృష్టికర్త జార్జ్ లూకాస్ స్థాపించిన లూకాస్‌ఫిల్మ్ సంస్థ 2002లో ఆటమ్‌ఫిల్మ్స్ అనే పొట్టి చిత్రాల వెబ్‌సైటుతో కలిసి అభిమానుల చిత్రాలకు అధికారికంగా పోటీ పెట్టింది. నిబంధనల ప్రకారం పేరడీ తీయవచ్చు, అభిమానుల మీద డాక్యుమెంటరీ తీయవచ్చు. స్టార్ వార్స్ ప్రపంచంలో సొంత కథ అల్లి గంభీరంగా తీస్తే మాత్రం పోటీకి తీసుకోరు. ఆ తలుపు 2007లో గానీ తెరుచుకోలేదు. అంటే అభిమాని తనను తాను చూసి నవ్వుకోవచ్చు, తన తోటివారిని చూపించవచ్చు, కథలో మాత్రం వేలు పెట్టకూడదు. కథ ఎవరిదన్న తగాదా అక్కడే ఉంది.

ఆ తగాదాను నేరుగా బోనెక్కించినది ‘ద పీపుల్ వర్సెస్ జార్జ్ లూకాస్’ (2010). దర్శకుడు అలెగ్జాండర్ ఓ. ఫిలిప్ స్విట్జర్లాండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డవాడు. అంతకుముందు 2004లో క్లింగాన్ భాష మాట్లాడేవారి మీద ‘ఎర్త్‌లింగ్స్: అగ్లీ బ్యాగ్స్ ఆఫ్ మోస్ట్లీ వాటర్’ తీశాడు. మార్క్ ఓక్రాండ్ అనే భాషావేత్త స్టార్ ట్రెక్ సినిమాల కోసం వ్యాకరణంతో సహా కల్పించిన భాష అది. దాన్ని నేర్చుకుని ఏటా సభలు జరుపుకునేవారి మీద చిత్రం తీసిన మనిషికి అభిమానులతో ఎలా మాట్లాడాలో తెలుసు.

ఈ సినిమాకు ఆయన ఎంచుకున్న పద్ధతి గమనించండి. వాంగ్మూలాలు పంపమని ప్రపంచం నలుమూలలా అభిమానులను పిలిచాడు. వందల గంటల ఫుటేజి వచ్చి పడింది. తిట్లు, పాటలు, బొమ్మల యానిమేషన్, వెక్కిరింత నాటికలు, పడకగదిలో కూర్చుని కెమెరాకు చెప్పుకున్న గోడు, అన్నీ వచ్చాయి. వాటిని మొదటి రెండు సినిమాల నిర్మాత గ్యారీ కర్ట్జ్, రచయిత నీల్ గైమన్ వంటివారి ఇంటర్వ్యూలతో కలిపి కుట్టారు. లూకాస్ మాత్రం ఇంటర్వ్యూ ఇవ్వలేదు. ఆయన పాత ఇంటర్వ్యూల ముక్కలే దిక్కు. ఎడిటర్‌గా చెబుతున్నాను, అంత చెత్తలోంచి గంటన్నర సినిమాకు ఒక వాదక్రమం తెప్పించడం మామూలు పని కాదు. అక్కడక్కడ వేగం ఎక్కువై ఎవరి మాట వింటున్నామో తెలియని గందరగోళం ఉంది, నిజమే. అయినా ఈ రకం చిత్రాలలో నా మొదటి ఓటు దీనికే.

అభియోగం ఇదీ. 1977 మే 25న విడుదలైన మొదటి స్టార్ వార్స్ సినిమాను లూకాస్ 1997లో మార్చి ‘స్పెషల్ ఎడిషన్’ పేరుతో మళ్లీ విడుదల చేశాడు. కొత్త గ్రాఫిక్స్ చేరాయి, తీసేసిన దృశ్యం ఒకటి వచ్చి చేరింది. అభిమానులకు ఎక్కువ మంట పుట్టించిన మార్పు ఒక సారాకొట్టు దృశ్యంలో జరిగింది. మొదటి రూపంలో హాన్ సోలో బల్ల కింద నుంచి గ్రీడో అనే వేటగాడిని కాల్చేస్తాడు. మార్చిన రూపంలో గ్రీడో ముందు కాలుస్తాడు, గురి తప్పుతుంది, ఆ తరువాతే హాన్ కాలుస్తాడు. క్షణంలో సగం తేడా. కానీ స్వార్థపరుడైన దొంగరవాణాదారు మెల్లగా మంచివాడయ్యే కథలో ఆ మొదటి తూటాయే అతని ఆరంభం. అది తీసేస్తే ఆ పాత్ర ప్రయాణమే కురచైపోతుందని అభిమానుల వాదన. ఇందులో పిచ్చి ఏమీ లేదు, ఇది శుద్ధమైన స్క్రీన్‌ప్లే విమర్శ.

అంతకంటే పెద్ద నేరం, పాత రూపాన్ని దొరకనివ్వకపోవడం. 2006లో డీవీడీతో పాటు అదనపు డిస్కుగా పాత రూపాన్ని ఇచ్చారు గానీ, అది డీవీడీలకు ముందు నాటి లేజర్‌డిస్కు కోసం 1993లో తయారైన పాత మాస్టర్ నుంచి తీసినది. కొత్త తెరల మీద వెలవెలబోయింది. అభిమానులు ఊరుకోలేదు. చెక్ దేశపు అభిమాని ఒకరు దొరికిన ప్రతులన్నీ షాటు షాటుకు కలిపి ‘డీస్పెషలైజ్డ్ ఎడిషన్’ తయారు చేశారు. మరికొందరు 1977 నాటి 35 ఎం.ఎం. ప్రింట్లు సంపాదించి, స్కాన్ చేసి, గీతలు తుడిచి ‘4కె77’ అన్నారు. చట్టం దృష్టిలో ఇవి చెల్లవు. సినిమాలను భద్రపరిచే దృష్టితో చూస్తే, గ్రంథాలయాలు చేయవలసిన పనిని వీరు చేశారు. 2025 జూన్‌లో లండన్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారు 1977 నాటి అసలు ప్రింటును ప్రదర్శిస్తే అది ప్రపంచవార్త అయింది. అంత అరుదు.

లూకాస్ పక్షాన కూడా బలమైన మాట ఉంది. నలుపు తెలుపు సినిమాలకు రంగులద్దడం మీద 1988లో అమెరికన్ సెనేట్ ఉపసంఘం ముందు ఆయన సాక్ష్యమిచ్చారు. సాంస్కృతిక సంపదను డబ్బు కోసం మార్చేవారిని ఆ రోజు తీవ్రంగా ఖండించారు. ఈ మాటను అభిమానులు ఆయన మీదికే తిప్పికొడతారు. కానీ ఆయన నాడు వాదించింది కళాకారుడి హక్కు గురించి, అంటే హక్కుదారులైన కంపెనీలు చేసే మార్పులకు వ్యతిరేకంగా. తన సినిమాను తానే దిద్దుకోవడం ఆయన లెక్కలో దానికి విరుద్ధం కాదు. నా మొగ్గు అభిమానుల వైపే. దిద్దుకో, కాదనము, పాతదాన్ని పక్కన ఉంచు. సినిమా మాత్రం తీర్పు చెప్పదు. 2012లో లూకాస్ తన కంపెనీని సుమారు 405 కోట్ల డాలర్లకు డిస్నీకి అమ్మేశాడు కాబట్టి ప్రతివాది ఇప్పుడు మారిపోయాడు. అందువల్ల చిత్రం కొంత పాతబడింది, వాదన పాతబడలేదు.

దీని తరువాత ‘ఎల్‌స్ట్రీ 1976’ (2015) చూడండి. దర్శకుడు జాన్ స్పిరా అభిమానులను అవతలి వైపు నుంచి చూపిస్తాడు. లండన్ శివార్లలోని ఎల్‌స్ట్రీ స్టూడియోలో 1977 నాటి స్టార్ వార్స్ సినిమాకు చిన్న వేషాలు వేసిన పదిమంది కథ ఇది. గ్రీడో ముసుగులో ఉన్న పాల్ బ్లేక్ ఉన్నారు. ప్రతినాయకుడు డార్త్ వేడర్ దుస్తుల్లో ఉన్న డేవిడ్ ప్రౌజ్ ఉన్నారు. తెర మీద కొన్ని క్షణాలు కూడా లేని సైనికులు ఉన్నారు. తలుపుకు తల కొట్టుకునే సైనికుడిని తానేనని చెప్పే ఆయన కూడా ఉన్నారు. నాలుగు రోజుల పని, కొద్దిపాటి కూలి, ఎవరూ గుర్తుంచుకోరనుకున్న వేషం. దశాబ్దాల తరువాత అభిమానుల సభల్లో బల్ల వేసి కూర్చుంటే సంతకానికి డబ్బిచ్చి వెళ్లే జనం. అక్కడా అంతస్తులున్నాయి. పేరు పడిన నటుడికి, పేరు లేని ఎక్‌స్ట్రాకు మధ్య పక్క బల్లల మీదే సణుగుడు నడుస్తుంది. ‘అతనూ నటుడేనా’ అన్న చిన్నచూపు, ‘నేనూ ఆ సెట్లో ఉన్నాను కదా’ అన్న ఉడుకుమోత్తనం. ఈ సినిమాలో స్టార్ వార్స్ దృశ్యాలు నామమాత్రం. తీరిక లేనివారికి నెమ్మదిగా అనిపిస్తుంది. నాకు మాత్రం ఆ నెమ్మదే దాని బలం. సినీ పరిశ్రమలో జూనియర్ ఆర్టిస్టులను దగ్గరగా చూసినవారెవరైనా ఈ మనుషులను ఇట్టే గుర్తుపడతారు.

ప్రౌజ్ కథను స్పెయిన్ నుంచి వచ్చిన ‘ఐ యామ్ యువర్ ఫాదర్’ (2015) ఇంకా ముందుకు తీసుకెళ్తుంది. టోనీ బెస్టార్డ్, మార్కోస్ కబోటా తీశారు. వేడర్ దేహం ప్రౌజ్‌ది, గొంతు జేమ్స్ ఎర్ల్ జోన్స్‌ది. 1983 నాటి మూడో సినిమాలో వేడర్ ముసుగు తీసినప్పుడు కనిపించిన ముఖం సెబాస్టియన్ షా అనే వేరే నటుడిది. ఆ ముఖం తనది కావలసిందన్న వెలితి ప్రౌజ్‌ను విడిచిపెట్టలేదు. అభిమాని అయిన కబోటా ఆ దృశ్యాన్ని ఆయనతోనే మళ్లీ చిత్రీకరించాలని బయలుదేరతాడు. చిత్రీకరిస్తాడు కూడా. హక్కులు అడ్డు రావడంతో ఆ దృశ్యం మనకు కనిపించదు! చిత్రం మొత్తం ఏ దృశ్యం కోసం ఎదురుచూసిందో అది చూపించలేని డాక్యుమెంటరీ ఇది. కొందరు విమర్శకులకు చిరాకు పుట్టింది. అభిమానికి ఎంతవరకు అనుమతి ఉంటుందో దీనికంటే బాగా చూపించిన సన్నివేశం నాకు తెలియదు. సంగీతం మాత్రం అతిగా ఏడిపించాలని చూస్తుంది, భరించండి.

ఇవే కాక నవ్వుకోవడానికి ‘ఎ డిస్టర్బెన్స్ ఇన్ ద ఫోర్స్’ (2023) ఉంది. 1978 నవంబరులో సీబీఎస్ టీవీలో ఒక్కసారి ప్రసారమై, లూకాస్ మరచిపోదలచిన స్టార్ వార్స్ ‘హాలిడే స్పెషల్’ అనే టీవీ కార్యక్రమం కథ అది. టీవీలో వస్తుండగా రికార్డు చేసుకున్న వీడియో టేపుల నుంచి నకళ్లు, నకళ్ల నుంచి నకళ్లు తీసి అభిమానులే దాన్ని బతికించారు. అభిమానులంటే మగపిల్లలేనన్న అపోహ ఉంటే అనలీస్ ఒఫీలియన్ తీసిన ‘లుకింగ్ ఫర్ లేయా’ (2019) అనే చిన్న ధారావాహిక చాలు.

నవ్వు గురించి ముందు అన్నాను కాబట్టి ‘స్టార్ వార్స్ కిడ్: ద రైజ్ ఆఫ్ ద డిజిటల్ షాడోస్’ (2022) పేరు కూడా చెప్పాలి. కెనడాలో ఒక బడిపిల్లవాడు 2002లో కర్ర తిప్పుతూ స్టార్ వార్స్‌లోని జెడై యోధుడిలా తనను తాను వీడియో తీసుకున్నాడు. అతనికి తెలియకుండా అది ఇంటర్నెట్‌కు ఎక్కింది. ప్రపంచం నవ్వింది, అతని చదువు, బాల్యం చెదిరిపోయాయి. పెద్దవాడయ్యాక అతను కెమెరా ముందుకు వచ్చి మాట్లాడిన చిత్రం ఇది. పూర్తిగా అభిమానుల సినిమా కాదు గానీ, అభిమానిని చూసి నవ్వించే షాట్ పెట్టే ముందు ప్రతి ఎడిటర్ దీన్ని చూడాలి.

మరో మాట. తీయవలసినంత బాగా ఇంకా ఎవరూ తీయలేదనిపించే కథ స్టార్ వార్స్‌లోని ఆర్2-డి2 మరమనుషులను ఇళ్లల్లో తయారు చేసే వారిది. ఇలాంటి ఇద్దరు అభిమానులు చేసిన బొమ్మలను 2013లో జర్మనీలో జరిగిన సభలో నిర్మాత క్యాథ్లీన్ కెనడీ చూశారు. వారినే పిలిచి ‘ద ఫోర్స్ అవేకెన్స్’ సినిమాకు ఆర్2-డి2ను చేయించారు. షెడ్డులో మొదలైన పని షూటింగు ఫ్లోరు దాకా వెళ్లింది. అల్యూమినియం రేకు కోయడం దగ్గర నుంచి చూపించగల దర్శకుడు దొరకాలి.

స్టార్ వార్స్ అసలు చూడనివారికి అర్థమయ్యేవి ఉన్నాయా అని కూడా అడిగారు. అలాంటివారిని నేను ముందు ‘ఏలియన్ ఆన్ స్టేజ్’ (2020) దగ్గర కూర్చోబెడతాను. ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌లో కొందరు బస్సు డ్రైవర్లు ఏటా విరాళాల కోసం వేసే హాస్యనాటకానికి బదులు, 1979 నాటి భయానక చిత్రం ‘ఏలియన్’ను రంగస్థలం మీద వేయాలనుకుంటారు. రాక్షసిని ఇంట్లోనే తయారు చేస్తారు. సొంత ఊళ్లో జనం పెద్దగా రారు. అది చూసిన ఇద్దరు మహిళలు, లూసీ హార్వీ, డేనియల్ కమర్, దాన్ని లండన్‌లోని లెస్టర్ స్క్వేర్ థియేటర్ దాకా రప్పిస్తారు, ఈ చిత్రాన్నీ తీస్తారు. లండన్ ప్రేక్షకులు వెక్కిరించడానికి వస్తున్నారా, మెచ్చుకోవడానికి వస్తున్నారా అన్నది చివరిదాకా తెలియదు. డ్రైవర్లు మాత్రం డైలాగులు మరచిపోకుండా ఉంటే చాలనే దిగులులో ఉంటారు.

అందుకని మీ వరుస ఇలా పెట్టుకోండి: ముందు ‘ఏలియన్ ఆన్ స్టేజ్’, తరువాత ‘ఎల్‌స్ట్రీ 1976’, ఆపైన ‘ద పీపుల్ వర్సెస్ జార్జ్ లూకాస్’. ఈ మూడోదానికి ముందు 1977 నాటి మొదటి సినిమా ఒకసారి చూడక తప్పదు. డిస్నీ ప్లస్‌లో వచ్చిన రూపం 1977 నాటిదీ కాదు, 1997 నాటిదీ కాదు. అందులో హాన్, గ్రీడో దాదాపు ఒకేసారి కాలుస్తారు. పైగా 2019లో చేర్చిన మార్పు ప్రకారం, కాల్చే ముందు గ్రీడో ‘మక్లంకీ’ అని ఒక మాట అంటాడు. ఆ మాట వినిపిస్తే మీరు చూస్తున్నది దిద్దుబాటు మీద దిద్దుబాటు అని గుర్తుపెట్టుకుని డాక్యుమెంటరీ మొదలుపెట్టండి.